చక్రం తిప్పిన ఓడ

1907 నాటి పాత ఫొటో ఒకటుంది. ఇంగ్లండు ఈశాన్యాన టైన్ నది. నాలుగు పొగగొట్టాలతో ఊరంత ఓడ నీళ్ల మీద నిలబడి ఉంది. దాని పక్కనే సన్నటి పడవ, ఏనుగు పక్కన చిట్టెలుకలా. ఓడ పేరు మౌరిటేనియా, పొడవు 790 అడుగులు. పడవ పేరు టర్బీనియా, పొడవు 104 అడుగులు. ఎవరు చూసినా పెద్ద ఓడకు సాయం వచ్చిన చిన్న పడవ అనుకుంటారు. నిజానికి అక్కడ వరస తారుమారైంది. ఆ చిన్నదే తల్లి, పెద్దది దాని బిడ్డ.

ఇరవయ్యేళ్లపాటు అట్లాంటిక్ మహాసముద్రం మీద తనను మించి పరుగెత్తిన ప్రయాణికుల ఓడ లేదనిపించుకుంది మౌరిటేనియా. దాని గురించి రాసినవాళ్లలో చాలామంది చెక్క నగిషీలు, భోజనశాలలు, అందులో ఎక్కిన గొప్పవాళ్ల పేర్లు చెబుతారు. అసలు కథ ఆ అంతస్తుల్లో లేదు, అడుగున ఉంది. దాన్ని చెప్పాలంటే ఓ జమీందారు ఇంటి పెరట్లోంచి మొదలుపెట్టాలి.

పెరట్లో టెలిస్కోపు

చార్లెస్ పార్సన్స్ 1854లో లండన్‌లో పుట్టాడు. పెరిగింది ఐర్లండులోని బర్ కోటలో. తండ్రి రాస్ ప్రభువు. ఆస్తిపాస్తులున్న పెద్దమనిషే అయినా ఆయన పిచ్చంతా నక్షత్రాల మీద. కోట ఆవరణలోనే ఆరడుగుల అద్దంతో టెలిస్కోపు కట్టుకున్నాడు. అప్పటికి లోకంలో అంత పెద్దది మరొకటి లేదు. అద్దానికి లోహం కరిగించి పోత పోయడం, దాన్ని నునుపు పట్టడం అన్నీ ఇంటి దగ్గరే జరిగాయి. అందరికన్నా చిన్నవాడైన చార్లెస్‌ను బడికి పంపలేదు. ఖగోళశాస్త్రం తెలిసిన పంతుళ్లు ఇంటికొచ్చి చెప్పేవారు. కొలిమి, సుత్తి, మరలు ఆ పిల్లవాడికి ఆటవస్తువులయ్యాయి.

కేంబ్రిడ్జిలో గణితం చదివాక అతను చేసిన పని ఆ రోజుల్లో ప్రభువుల ఇళ్లలో అరుదు. న్యూకాజిల్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ కర్మాగారంలో పని నేర్చుకునే కుర్రాడిగా చేరాడు. 1884లో, ముప్ఫయ్యో ఏట, గేట్స్‌హెడ్‌లోని క్లార్క్ చాప్‌మన్ కంపెనీలో భాగస్తుడిగా ఉండగా అతని చేతిలోంచి ఓ చిన్న యంత్రం వచ్చింది. అది ఆవిరి టర్బైన్. ఏడున్నర కిలోవాట్ల కరెంటు పుట్టించేది. నిమిషానికి 18,000 చుట్లు తిరిగేది.

రోకలి, తిరగలి

అప్పటిదాకా ఉన్న ఆవిరి ఇంజన్లన్నీ రోకలి జాతివి. పాత రైలింజను చక్రాల పక్కన ముందుకూ వెనక్కూ ఆడే కడ్డీ చూసినవాళ్లకు ఈ మాట సులువుగా అర్థమవుతుంది. ఆవిరి ముషలకాన్ని, అంటే పిస్టన్‌ను, తోస్తుంది, అది కొసదాకా వెళ్లి ఆగుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. ప్రతి పోటుకీ ఓ ఆగడం, ఓ కుదుపు. వేగం పెంచితే కుదుపూ పెరుగుతుంది. పెద్ద ఓడల్లో ఈ ఇంజన్లు మూడంతస్తుల మేడంత ఎత్తుకు పెరిగాయి. ఇంకా పెంచితే తమ బరువుకు తామే బద్దలయ్యేలా తయారయ్యాయి.

దంచడం మాని తిప్పడం మొదలుపెడితే? ఆలోచన కొత్తది కాదు. చిక్కల్లా ఆవిరితోనే. బాయిలర్ ఒత్తిడిలో ఉన్న ఆవిరిని ఒక్కసారిగా వదిలితే తుపాకీ గుండులా దూసుకుపోతుంది. ఆ వేగాన్ని ఒకే చక్రంతో పట్టుకోవాలంటే చక్రం కూడా దానికి తగ్గట్టు తిరగాలి. అంత వేగానికి లోహం తట్టుకోదు. పార్సన్స్ ఉపాయం ఇక్కడే ఉంది. ఒత్తిడిని ఒకేసారి దించకుండా మెట్టు మెట్టుగా దించాడు. పొడుగాటి పీపాలో వరసలు వరసలుగా రెక్కలు అమర్చాడు. ఒక వరస కదలదు, దాని పక్క వరస తిరుగుతుంది, ఆ పక్కది మళ్లీ కదలదు. ఆవిరి ఒక్కో వరసలో కొంచెం కొంచెం బలం ఇచ్చుకుంటూ చివరికి నీరసించి బయటపడుతుంది. జలపాతాన్ని మెట్ల కాలువగా మార్చి మెట్టుకొక జలచక్రం పెట్టినట్టు. ఆగడం లేదు, వెనక్కి రావడం లేదు. ఒకే వైపు తిరగడం, తిరగలిలా.

1889లో భాగస్తులతో పొసగక పార్సన్స్ విడిపోయి హీటన్‌లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. పేటెంట్లు మాత్రం పాత కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. తన బుర్రలో పుట్టినదాన్ని తానే వాడుకోలేక ఆవిరి ఇంకో తీరుగా పారే టర్బైన్ తయారు చేసుకున్నాడు. కొన్నేళ్లకు పేటెంట్లు తిరిగి చేతికొచ్చాయి. అప్పటికే అతని కన్ను ఓడల మీద పడింది.

గాలం కర్రకు కట్టిన ఓడ

టర్బీనియా రూపం తేల్చడానికి అతను చేసిన ప్రయోగం చూస్తే ముచ్చటేస్తుంది. రెండడుగుల బొమ్మ పడవ చేసి, చేపల గాలం కర్రకు కట్టి, చెరువులో లాగుతూ నీళ్లు ఎంత అడ్డుకుంటున్నాయో కొలిచాడు. తర్వాత ఆరడుగుల బొమ్మకు మెలిపెట్టిన రబ్బరు తాడుతో ప్రొపెల్లర్ తిప్పి చూశాడు. 1894లో అసలు పడవ నీళ్లలోకి దిగింది. బరువు నలభై నాలుగు టన్నులు, వెడల్పు తొమ్మిదడుగులే.

దిగిందే కానీ అనుకున్నంత వేగం రాలేదు. టర్బైన్ జోరుగానే తిరుగుతోంది, ప్రొపెల్లర్ కూడా తిరుగుతోంది, పడవ మాత్రం ఇరవై నాట్‌ల దగ్గరే మొరాయించింది. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. ప్రొపెల్లర్లు ఎన్ని మార్చినా అదే వరస. లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి పార్సన్స్ ఒక చిన్న తొట్టి చేయించాడు. వేడి నీళ్లు, రెండంగుళాల ప్రొపెల్లర్, దాని మీద టక్కుటక్కుమని వెలిగి ఆరే దీపం. ఆ మెరుపుల్లో గిర్రున తిరిగే రెక్క నిలిచిపోయినట్టు కనిపించింది. రెక్క వెనకాల నీళ్లు లేవు, బుడగలున్నాయి. ప్రొపెల్లర్ మరీ వేగంగా తిరగడంతో నీళ్లు విడిపోయి, ఆ సందులో ఆవిరి బుడగలు పుడుతున్నాయి. అందుకే రెక్కకు నీళ్లలో పట్టు దొరకడం లేదు. బురదలో దిగబడ్డ చక్రం తిరుగుతుంది కానీ బండి కదలదు కదా, అలాగన్నమాట. కావిటేషన్ అని పిలిచే ఈ జబ్బును ఓడల ఇంజనీర్లు ఈ రోజుకీ అలాంటి తొట్టెల్లోనే పరీక్షిస్తారు.

మందు కూడా అతనే కనిపెట్టాడు. ఒక్క టర్బైన్ తీసేసి మూడు పెట్టాడు. ఆవిరి మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి, అక్కణ్నుంచి మూడోదాంట్లోకి. ఒక్కోదానికి ఓ ఇరుసు, ఇరుసుకు మూడు ప్రొపెల్లర్లు, మొత్తం తొమ్మిది. ఈసారి వేగం 34 నాట్‌లు దాటింది. అప్పటికి నీళ్ల మీద అంత వేగం ఎవరూ చూడలేదు.

పిలవని పేరంటం

చూపించాలి కదా. 1897 జూన్ 26న స్పిట్‌హెడ్ దగ్గర విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకా ప్రదర్శన జరిగింది. యుద్ధనౌకలు బారులు తీరి లంగరు వేసి ఉన్నాయి. యువరాజు, నౌకాదళ పెద్దలు, దేశదేశాల అతిథులు చూస్తున్నారు. ఆ వరసల మధ్యకు టర్బీనియా దూసుకొచ్చింది. పొగగొట్టంలోంచి మంటలు కక్కుతూ, ముక్కు పైకెత్తి, వెనక నురుగు గుట్టలు రేపుతూ ఇటు నుంచి అటు పోయింది. అడ్డుకోమని పంపిన కాపలా పడవలు దాని దరిదాపులకు కూడా రాలేకపోయాయి. నౌకాదళంలోని అత్యంత వేగవంతమైన పడవలు ఓ నలభై నాలుగు టన్నుల బుల్లి పడవ ముందు చిన్నబోయాయి.

తగువు పడాల్సినవాళ్లే బేరానికి వచ్చారు. నౌకాదళం టర్బైన్ యుద్ధనౌక వైపర్‌ను తయారు చేయించింది. కోబ్రా దానికి తోడైంది. 1901లో రెండూ పోయాయి. ఒకటి పొగమంచులో రాళ్లకు కొట్టుకుంది, రెండోది నడిసముద్రంలో రెండుగా విరిగింది. టర్బైన్ తప్పు లేకపోయినా చెడ్డపేరు తగిలింది. అదే ఏడు స్కాట్లండులోని క్లైడ్ నదీముఖంలో తిరిగే కింగ్ ఎడ్వర్డ్ అనే చిన్న స్టీమరు జనాన్ని ఎక్కించుకుని ఏ గొడవా లేకుండా తిరిగింది. పోయిన పరువును ఆ స్టీమరు నిలబెట్టింది.

కునార్డ్ పందెం

ఇక్కడ కథలోకి డబ్బు, రాజకీయం వచ్చాయి. 1897 నుంచి అట్లాంటిక్ వేగం రికార్డు జర్మన్ ఓడల చేతిలోకి పోయింది. 1902లో అమెరికా ధనస్వామి జె. పి. మోర్గన్ బ్రిటన్ ఓడల కంపెనీలను ఒకటొకటిగా కొనడం మొదలుపెట్టాడు. వైట్‌స్టార్ అతని గుప్పిట్లోకి పోయింది. ఇక మిగిలిన పెద్ద పేరు కునార్డ్. దాన్ని కూడా పోనిస్తే యుద్ధమొచ్చిన రోజున సైన్యాన్ని మోయడానికి ఓడలుండవని బ్రిటిష్ ప్రభుత్వానికి దిగులు పట్టుకుంది. ఆ దిగులును కునార్డ్ అధ్యక్షుడు ఇన్వర్‌క్లైడ్ ప్రభువు చక్కగా సొమ్ము చేసుకున్నాడు. 1903లో ఒప్పందం కుదిరింది. రెండు ఓడలకు 26 లక్షల పౌండ్ల అప్పు, వడ్డీ రెండు ముప్పావు శాతం, పైగా ఏటా లక్షా యాభై వేల పౌండ్ల సాయం. షరతులు రెండు. ఓడలు సగటున 24.5 నాట్‌ల వేగం అందుకోవాలి. అవసరమైతే యుద్ధానికి అప్పగించాలి.

ఆ వేగానికి దాదాపు డెబ్బై వేల అశ్వశక్తి కావాలి. రోకలి ఇంజన్లతో అంత శక్తి తెస్తే ఓడలో మనుషులకు చోటు మిగలదు. టర్బైన్ పెడదామంటే అప్పటికి టర్బైన్‌తో నడిచే ప్రయాణికుల ఓడలు క్లైడ్‌లో తిరిగేవి, ఇంగ్లిష్ చానల్ దాటేవి లాంటి చిన్న స్టీమర్లే. కాలువ దాటిన పడవను నమ్మి సముద్రం దాటే ఓడ కట్టాలి. కునార్డ్ నిపుణుల కమిటీ వేసింది. వాళ్లు చానల్ స్టీమర్లలో పాత ఇంజనుదీ కొత్త ఇంజనుదీ పక్కపక్కన పెట్టి బొగ్గు, వేగం, కుదుపు కొలిచారు. 1904లో టర్బైనే పెట్టమన్నారు. కంపెనీ దాంతో ఊరుకోలేదు. ఒకే అచ్చులో రెండు మధ్యరకం ఓడలు కట్టించింది. కరోనియాలో పాత ఇంజను, కార్మేనియాలో టర్బైన్. 1905లో కార్మేనియానే ముందు నిలిచింది. అప్పటికే పెద్ద ఓడల పని సగంలో ఉంది. అంటే పరీక్ష రాస్తూనే ఫలితం మీద పందెం కాశారన్నమాట.

కునార్డ్ నౌకాశిల్పి లెనార్డ్ పెస్కెట్ గీసిన నమూనా మీద లుసిటేనియాను క్లైడ్ ఒడ్డున జాన్ బ్రౌన్ కంపెనీ, మౌరిటేనియాను టైన్ ఒడ్డున వాల్‌సెండ్‌లో స్వాన్ హంటర్ కంపెనీ కట్టాయి. రెండు పేర్లూ పాత రోమన్ సామ్రాజ్యంలోని రాష్ట్రాలవి. పార్సన్స్ కార్ఖానా ఉన్న నది ఒడ్డునే మౌరిటేనియా పుట్టింది. స్వాన్ హంటర్ వాళ్లు దాదాపు నలభై ఏడడుగుల నమూనా పడవ చేసి, బ్యాటరీ మోటార్లతో రెండేళ్లపాటు రేవులో తిప్పి, ప్రొపెల్లర్లు ఎక్కడ ఉండాలో, ఎటు తిరగాలో తేల్చుకున్నారు. గాలం కర్రకు కట్టిన రెండడుగుల బొమ్మ ఇంతదాకా ఎదిగింది.

1906 సెప్టెంబర్ 20న ఓడ నీళ్లలోకి జారింది. 1907 అక్టోబర్‌లో టైన్ వదిలి లివర్‌పూల్ బయల్దేరింది. నది మొగ దాకా టర్బీనియా తోడు వెళ్లాలనుకుంది కానీ ఇంజను మొరాయించి వెనకబడిపోయింది. ఆ ఏడాదే జనవరిలో దాని మీదికి మరో కొత్త ఓడ దూసుకొచ్చి దాదాపు రెండు ముక్కలు చేసింది. అతుకులు వేయించుకుని ఫొటోకు నిలబడటమే గొప్ప.

అడుగు అంతస్తు

పైన ఇరవై ఎనిమిది రకాల కలపతో చేసిన గదులు, లిఫ్టులు, అద్దాల గోపురాలు. కింద ఇరవై అయిదు బాయిలర్లు, 192 పొయ్యిలు. రోజుకు వెయ్యి టన్నుల దాకా బొగ్గు. దాన్ని తోసే యంత్రం లేదు, మనుషులే. ట్రిమ్మర్లు చీకటి కొట్లలోంచి బొగ్గు తవ్వి తోపుడు బండ్ల మీద పొయ్యి దగ్గరికి చేర్చాలి. కొట్లు ఖాళీ అయ్యేకొద్దీ దూరం పెరుగుతుంది. ఫైర్‌మన్‌లు తలుపు తెరిచి, పారతో విసిరి, మూసి, పొడుగాటి ఇనప కడ్డీతో గడ్డకట్టిన కిట్టం పగలగొట్టి, మళ్లీ తెరవాలి. ఓడ ఊగుతుంటే కాలు నిలదొక్కుకుని విసరాలి. నాలుగు గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, మళ్లీ నాలుగు గంటలు. ఇలా మూడువందల మందికి పైగా.

పక్క గదిలోకి వెళితే వేరే లోకం. అక్కడ టర్బైన్లు. తక్కువ ఒత్తిడి టర్బైన్ పీపా అడ్డంగా పదకొండున్నర అడుగులు. నాలుగు ఇరుసులు, నాలుగు ప్రొపెల్లర్లు, నిమిషానికి సుమారు 190 చుట్లు. పైకీ కిందికీ ఆడేది ఏదీ లేదు. ఇంజనీరు చేసేదల్లా గడియారపు ముళ్లు చూడటం, చప్పుడు వినడం, బేరింగుల మీద చెయ్యి వేసి వేడి చూడటం. ఒకే ఓడలో ఓ గోడకు అటు కొత్త యుగం, ఇటు పాత చాకిరీ.

1907 నవంబర్ 16న తొలి ప్రయాణం. తుఫాను పట్టుకుంది. డెక్ మీద కట్టి ఉంచిన అదనపు లంగరు కట్లు తెంపుకుని అటూ ఇటూ దొర్లింది. దాన్ని మళ్లీ బిగించే దాకా కెప్టెన్ వేగం తగ్గించాల్సి వచ్చింది. రికార్డు చేజారింది. తిరుగు ప్రయాణంలో 23.69 నాట్‌లతో తూర్పు దిశ రికార్డు పట్టేసింది. పూర్తి వేగంలో వెనక భాగం వణికేది. 1909లో మూడు రెక్కల ప్రొపెల్లర్లు తీసి నాలుగు రెక్కలవి వేశారు. ఆ సెప్టెంబర్‌లో పడమటి దిశగా 4 రోజుల 10 గంటల 51 నిమిషాల్లో, 26.06 నాట్‌లతో అట్లాంటిక్ దాటింది. ఆ రికార్డు 1929 దాకా ఎవరూ చెరపలేకపోయారు.

యుద్ధం, నూనె, ముసలితనం

1914లో యుద్ధమొచ్చింది. ఏ పనికోసం ప్రభుత్వం డబ్బిచ్చిందో ఆ పనికి ఓడ పనికిరాదని తేలింది. కాపు కాసే యుద్ధనౌకకు అంత ఒళ్లు అక్కర్లేదు, అంత బొగ్గు ఎవరూ పోయలేరు. కొద్ది రోజులకే వెనక్కిచ్చేశారు. 1915 మే 7న అక్క లుసిటేనియాను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. దాదాపు పన్నెండు వందల మంది చనిపోయారు. చెల్లెలు గల్లిపోలి యుద్ధానికి సైన్యాన్ని మోసింది, తర్వాత తెల్లరంగు పూసుకుని ఆస్పత్రి ఓడ అయింది, 1918లో అడ్డదిడ్డపు గళ్ల రంగులతో వేలాది అమెరికా సైనికులను యూరప్ చేర్చింది. ఓసారి టార్పెడో దూసుకొస్తుంటే కెప్టెన్ చుక్కాని గట్టిగా తిప్పి తప్పించాడు.

1921 జులైలో సౌతాంప్టన్ రేవులో మంటలంటుకున్నాయి. మరమ్మతుకు టైన్ నదికి, పుట్టింటికి, పంపారు. అప్పుడే బాయిలర్లను బొగ్గు నుంచి నూనెకు మార్చారు. ఓడ ఇంకా వేగంగా, శుభ్రంగా, కచ్చితంగా నడిచింది. వందలాది ఫైర్‌మన్‌ల చేతిలో పార అవసరం లేకుండా పోయింది. నరకంలాంటి పని పోయినందుకు సంతోషించాలో, కూడు పోయినందుకు ఏడవాలో వాళ్లకే తెలియాలి.

1929 జులైలో జర్మనీ కొత్త ఓడ బ్రెమెన్ రికార్డు లాగేసుకుంది. మరుసటి నెలలోనే ఇరవై రెండేళ్ల మౌరిటేనియా పోటీకి దిగింది. గెలవలేదు. కానీ 27 నాట్‌ల దరిన పరుగెత్తి, తన వయసు కాలపు రికార్డులను తానే దాటేసింది. ఆ ఓడిన పందెమే దాని ఘనతకు పెద్ద సాక్ష్యం అంటాను నేను. ఓ యంత్రం ఇరవై రెండో ఏట తన యవ్వనాన్ని మించి పరుగెత్తడం అంటే, 1904లో కమిటీ కాసిన పందెం పండినట్టే.

1931 ఫిబ్రవరిలో పార్సన్స్ కన్నుమూశాడు. అదీ ఓడ మీదే, డచెస్ ఆఫ్ రిచ్‌మండ్ అనే ఓడలో, జమైకా దగ్గర. అదీ టర్బైన్ ఓడే.

మౌరిటేనియా చివరిసారి 1934 సెప్టెంబర్ 26న న్యూయార్క్ వదిలింది. సరిగ్గా అదే రోజున క్లైడ్ నదిలోకి క్వీన్ మేరీ అనే కొత్త ఓడ జారింది. 1935 మేలో సామాను వేలం వేశారు. జులై 1న సౌతాంప్టన్ నుంచి స్కాట్లండులోని రోసైత్‌లో తుక్కు యార్డుకు బయల్దేరింది. దారిలో టైన్ మొగ దగ్గర ఆగింది. న్యూకాజిల్ మేయరు ఓడెక్కి వీడ్కోలు చెప్పాడు, ఓడ తారాజువ్వలు వదిలింది. ఫోర్త్ నది మీది రైలు వంతెన కింద పట్టేందుకు దాని స్తంభాలు ముందే నరికేశారు. ఓడలు బళ్లవుతాయి అని మనవాళ్లు ఊరికే అనలేదు. గ్రంథాలయపు చెక్కపలకలు బ్రిస్టల్‌లో ఓ బార్‌కు, ఇంకొన్ని లండన్ శివారులో పైన్‌వుడ్ సినిమా స్టూడియో సమావేశ మందిరానికి చేరాయి.

బళ్లు ఓడలైన సంగతి కూడా చెప్పాలి. పార్సన్స్ 1884 యంత్రం పుట్టింది ఓడ కోసం కాదు, కరెంటు కోసం. ఆ దారే చివరికి గెలిచింది. రామగుండంలో, కొత్తగూడెంలో, ఇబ్రహీంపట్నంలో, సింహాద్రిలో బొగ్గు కాల్చి ఆవిరి పుట్టిస్తే దాన్ని మెట్టు మెట్టుగా దించుతూ జనరేటర్లను తిప్పుతున్నది ఈ టర్బైన్ సంతతే. మీ నెత్తిన ఫ్యాను తిరుగుతుంటే, అందులో ఆ తిరగలి పాలూ ఉంది.

టర్బీనియా మాత్రం తుక్కు కాలేదు. ఒకప్పుడు రెండు ముక్కలుగా కోసి వేర్వేరు ఊళ్లలో దాచినదాన్ని మళ్లీ అతికించి, 1994లో న్యూకాజిల్ డిస్కవరీ మ్యూజియంలో పెట్టారు. ఆ ఊరికి చదువుకోడానికి వెళ్లే మన పిల్లలకు ఓ మాట: రైల్వే స్టేషన్ నుంచి మ్యూజియం నడిచి వెళ్లేంత దూరమే, టికెట్ లేదు. లోపలికి వెళ్లి వెనకవైపు వంగి చూడండి. మూడు ఇరుసులు కనిపిస్తాయి.